బడి గ్రంథాలయానికి పుస్తకాలతోపాటు ఒక మనిషిని కూడా ఇవ్వండి

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి, ఆ శాఖ కార్యదర్శిగారికి, గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ మేయరుగారికి, కమిషనరుగారికి నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

నేను ఈ నగరంలో ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసిన తెలుగువాణ్ని. పెరంబూరులో ఉంటాను. విరమణ తర్వాత ఉత్తర చెన్నైలోని కొన్ని ప్రభుత్వ, కార్పొరేషన్ బడుల ఉపాధ్యాయులు పిలిచినప్పుడల్లా వెళ్లి, పుస్తకాలు సర్దడంలోనూ రిజిస్టర్లు తిరగరాయడంలోనూ నాకు చేతనైన సాయం చేస్తూ వస్తున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి మీ ముందు పెడుతున్న విన్నపం ఒక్కటే: బడి గ్రంథాలయానికి పుస్తకాల గ్రాంటుతోపాటు, ఆ పుస్తకాలను పిల్లల చేతిలో పెట్టడమే తన పనిగా ఉండే ఒక మనిషిని, ఆ మనిషికి జీతం ఇచ్చే నిధిని కూడా కేటాయించండి. ఏ బడి పేరూ ఇందులో రాయడం లేదు. నేను చూసిన ఇబ్బంది ఏ ఒక్క ప్రధానోపాధ్యాయుడి అలసత్వం వల్లా వచ్చింది కాదు కనుక పేర్లు రాయవలసిన అవసరమూ లేదు.

చిక్కు చట్టంలోనే మొదలవుతుంది. 2009 విద్యాహక్కు చట్టానికి జతచేసిన షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలి. అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల మీదా పుస్తకాలు ఉండాలి. అదే షెడ్యూలు ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఉపాధ్యాయులో లెక్కగట్టి చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుణ్ని, కళలకూ ఆరోగ్య, వ్యాయామ విద్యకూ పని విద్యకూ పార్ట్‌టైం బోధకులనూ నియమించాలంది. గ్రంథాలయాన్ని ఎవరు నడపాలన్న మాట మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేదు. గది చట్టంలోకి వచ్చింది, అందులో కూర్చునే మనిషి రాలేదు. ఆ తర్వాత ప్రభుత్వాలు సేకరిస్తున్న సమాచారంలోనూ ఇదే ధోరణి కొనసాగింది. దేశమంతటి బడుల వివరాలు నమోదయ్యే యూడైస్‌లో గ్రంథాలయాన్ని, పుస్తక నిధిని, తరగతిగదిలోని పఠన మూలను ఒకే గాటన కట్టి లెక్కపెడతారు. కాబట్టి తరగతి మూలన తాడు కట్టి నాలుగు పుస్తకాలు వేలాడదీసిన బడి కూడా, నిండుగా నడిచే గ్రంథాలయమున్న బడి కూడా, ఆ లెక్కలో ‘ఉంది’ అనే గడిలోనే పడతాయి.

గడి నిండినా బడిలో కనిపించేది వేరు. ప్రధానోపాధ్యాయుడి గదిలోనో, సైన్సు లాబ్ పక్కనో రెండు ఇనుప బీరువాలు ఉంటాయి. వాటి బాధ్యత ఒక ఉపాధ్యాయురాలికి ‘అదనపు’ పనిగా ఇచ్చి ఉంటారు. ఆమె వారమంతా తన పాఠాలు తాను చెప్పుకోవాలి, ఎమిస్ అనే శాఖ కంప్యూటరు నమోదులో పిల్లల వివరాలు ఎక్కించాలి, ఓటర్ల జాబితా పని పడితే వీధులు తిరగాలి. టైమ్‌టేబుల్‌లో లైబ్రరీ పీరియడ్ అని రాసి ఉన్నా, పరీక్షలు దగ్గరపడగానే అది లెక్కల సిలబస్ పూర్తిచేయడానికి వెళ్లిపోతుంది. నేను వెళ్లిన ఒక బడిలో బీరువా తాళంచెవి ఉన్న టీచరు ప్రసూతి సెలవులో ఉన్నారు. తాళం ఎవరికి అప్పజెప్పాలో తేలక ఆమె తిరిగి వచ్చేదాకా ఆ బీరువా తెరవనేలేదు. ఆ టీచరును తప్పుపట్టలేం. రిజిస్టరులో సంతకం ఆమెది. పుస్తకం పోతే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవలసిందీ, కొన్నిచోట్ల జేబులోంచి కట్టవలసిందీ ఆమే. ఒక పుస్తకం పిల్లవాడి చేతికిస్తే పోయే ప్రమాదముంది, బీరువాలో ఉంచితే ఏ ప్రమాదమూ లేదు. ఇలాంటి ఏర్పాటులో తెలివైన ఉద్యోగి ఎవరైనా తాళం వేసే ఉంచుతారు. నేనైనా అంతే చేస్తాను.

ఈ రాష్ట్రానికి ఈ విషయంలో మరొకరు పాఠం చెప్పనక్కరలేదు. 1982లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం మధ్యాహ్న భోజన పథకాన్ని విస్తరించినప్పుడు బడికి బియ్యం, పప్పు పంపి, వండే బాధ్యతను పంతులమ్మకు అదనంగా అప్పగించలేదు. కేంద్రానికొక నిర్వాహకురాలిని, ఒక వంటమనిషిని, ఒక సహాయకురాలిని నియమించింది. 2022 సెప్టెంబరులో మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం కూడా వండి వడ్డించే మనుషులను ముందే సమకూర్చుకుని మొదలైంది. బియ్యం బస్తా తనంతట తాను అన్నమై విస్తట్లోకి రాదని ఈ రాష్ట్ర ప్రభుత్వానికి నలభై ఏళ్లుగా తెలుసు. పుస్తకాల విషయంలో మాత్రం బస్తా దింపి రసీదు తీసుకోవడంతో పని అయిపోయిందనుకుంటున్నాం.

ఆ మనిషి వచ్చి ఏం చేస్తారన్న ప్రశ్న సహజం. పుస్తకాలకు నంబర్లు వేయడం, ఇవ్వడం, తీసుకోవడం గుమాస్తా కూడా చేయగలడు కదా అని ఒక అధికారి నాతో అన్నారు కూడా. అందుకని ఈ సంగతి కాస్త వివరంగా రాస్తాను.

ఏడో తరగతికి వచ్చినా కూడబలుక్కుని తప్ప చదవలేని పిల్లవాడు ప్రతి బడిలోనూ ఉంటాడు. వాడికి రెండో తరగతి స్థాయి పుస్తకం కావాలి. అందరి ముందూ ఆ పుస్తకం వాడి చేతికిస్తే, సిగ్గుతో మళ్లీ ఆ గది గడప తొక్కడు. పిల్లలను ఎరిగిన లైబ్రేరియన్ ‘మీ చెల్లికి రోజూ రాత్రి ఇది చదివి వినిపించి, తనకేది నచ్చిందో సోమవారం నాతో చెప్పు’ అని ఇస్తుంది. వాడు చెల్లి పేరు చెప్పి తానే చదువుకుంటాడు. మూడు నెలల తర్వాత వాడి చేతికి కాస్త పెద్ద పుస్తకం వెళుతుంది. ఇది జరగాలంటే ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో, సగంలో వదిలేసింది ఎవరో, అట్ట చూసి తీసుకుని లోపల బొమ్మలు లేవని తిరిగి ఇచ్చింది ఎవరో తెలిసిన ఒక మనిషి ఏడాది పొడుగునా అక్కడే ఉండాలి. తరగతి టీచరుకు నలభైమంది పిల్లలూ తెలుసు, కానీ ఆ ఒక్క తరగతి వరకే. లైబ్రేరియన్‌కు పిల్లలు ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా తెలుస్తారు.

పుస్తకాల ఎంపిక మరొక పని. పైనుంచి వచ్చిన పెట్టెలో పోటీ పరీక్షల గైడ్లు, పెద్దవాళ్ల ప్రసంగ వ్యాసాలు ఉండి, మూడో తరగతి పిల్లలకు పనికొచ్చేవి పది కూడా లేని సందర్భాలు నేను చూశాను. ఎవరికి ఏం కావాలో చెప్పగలిగేవాళ్లు బడిలో లేనప్పుడు ఇచ్చింది పుచ్చుకోవడమే మిగులుతుంది. చిరిగిన పుస్తకాన్ని అతికించడం, అతికించినా పనికిరానిదాన్ని ధైర్యంగా తీసి అవతల పెట్టడం, కొత్తవాటిని వెన్ను కాక అట్ట కనబడేలా నిలబెట్టడం, వారానికి ఒక కథ గొంతెత్తి చదివి వినిపించడం, తొమ్మిదో తరగతివాళ్లకు ఒకే విషయం మీద రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబితే ఏది నమ్మాలో ఎలా తేల్చుకోవాలో నేర్పడం, ఇవన్నీ ఆ కొలువులో భాగాలే. చివరిది ఫోన్లో వచ్చిందల్లా నిజమనుకునే వయసు పిల్లలకు చాలా అవసరం. దాన్ని ఏ సబ్జెక్టు టీచరూ తన సిలబస్‌లో భాగం అనుకోరు. (ఇక వర్గీకరణ మాటకొస్తే, గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు పుస్తకాలను విషయాలవారీగా విడదీయడానికి రూపొందించిన కోలన్ పద్ధతి మీద నాకు ఎంత భక్తి ఉన్నా ఐదో తరగతి పిల్లల బీరువాకు దాన్ని అంటగట్టను. నాలుగు రంగుల చీటీలు చాలు.)

గది సంగతి కూడా చెప్పుకోవాలి. బడిలో పాఠం జరగని గది ఏదైనా ఉంటే దాని మీద అందరి కన్నూ పడుతుంది. జూన్‌లో ఉచిత పాఠ్యపుస్తకాల కట్టలు, నోటుపుస్తకాలు, సంచులు అందులోకే వస్తాయి. ఎన్నికలప్పుడు అది పోలింగ్ కేంద్రం, వానలప్పుడు సహాయ శిబిరం. వీటిలో ఏదీ కాదనగలిగినది కాదు. కానీ తనదంటూ ఒక మనిషి లేని గది ఒకసారి ఖాళీ చేస్తే మళ్లీ గ్రంథాలయంగా మారడం కష్టం. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనూ ఉత్తర చెన్నై పల్లపు వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు కింది అరల్లో ఉన్న పుస్తకాలను పై అరలోకి ఎత్తే దిక్కు లేక నాని ఉబ్బిపోయినవి ఎన్నో. బీరువాలు నేలనుంచి ఒక అడుగు ఎత్తు దిమ్మె మీద పెట్టించాలన్న ఆలోచన కూడా, ఆ గది తన బాధ్యత అనుకునే మనిషికే వస్తుంది.

ఇక డబ్బు. 2018 నుంచి అమల్లో ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద బడి గ్రంథాలయానికి ఏడాదికిచ్చే గ్రాంటు, బడి స్థాయిని బట్టి 5,000 రూపాయల నుంచి 20,000 రూపాయల వరకు ఉంటుంది. రెండు వందల మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు 5,000 రూపాయలంటే తలకు 25 రూపాయలు. వెయ్యిమంది ఉన్న హయ్యర్ సెకండరీ పాఠశాలకు 20,000 రూపాయలు వచ్చినా తలకు 20 రూపాయలే, అంటే పెద్ద బడి పిల్లవాడికి చిన్న బడి పిల్లవాడికన్నా తక్కువ. ఈ సొమ్ము పుస్తకాలకు. ఇందులోంచి జీతం ఇవ్వడం జరిగే పని కాదు. పైగా కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో పెట్టవలసిన ఈ నిధి, ఎంపిక చేసిన బడులను ఆదర్శ పాఠశాలలుగా తీర్చే పీఎంశ్రీ అనే కేంద్ర పథకం ఒప్పందంపై వచ్చిన వివాదంతో 2024-25లో నిలిచిపోయి, రాష్ట్రం 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. ఆ వివాదంలో ఎవరిది న్యాయమో చెప్పడం ఈ లేఖ పని కాదు. ఢిల్లీ నుంచి వచ్చే గ్రాంటు మీదే పూర్తిగా ఆధారపడితే బడి గ్రంథాలయం ప్రతి రాజకీయ పేచీకీ మూతపడుతుందని మాత్రం దీనివల్ల తెలిసింది.

అయితే ఈ రాష్ట్రానికి సొంత నిధి ఒకటి ఉంది. దాని చరిత్ర ఈ నగరంలోనిదే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెప్పిన ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడింది, మరుసటి ఏడాది అది గ్రంథాలయ శిక్షణ తరగతులు పెట్టింది, 1931లో విశ్వవిద్యాలయం ఆ తరగతులను తన చేతిలోకి తీసుకుంది. ‘పుస్తకాలు వాడుకోవడానికే’ అన్న ఆయన మొదటి సూత్రం ఆ 1931లోనే ఇక్కడ అచ్చయింది. ఆయన కృషితో వచ్చిన 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతంలో ఇలాంటి చట్టాల్లో మొట్టమొదటిది. ఆ చట్టం కిందే నేటికీ ఆస్తిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పన్ను రూపాయికి పది పైసలు. 2022లో నగరంలో ఆస్తిపన్ను సవరించి పెంచినప్పుడు, పన్నులో పదో వంతు కనుక సెస్సు కూడా దాంతోపాటే పెరిగింది. అర్ధసంవత్సరానికోసారి పన్ను కట్టే ప్రతి చెన్నైవాసీ, తన పిల్లలు ప్రైవేటు బడిలో చదివినా సరే, గ్రంథాలయాల కోసం డబ్బు ఇస్తూనే ఉన్నాడు. కార్పొరేషన్ వసూలు చేసిన ఆ సొమ్ము స్థానిక గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరడం లేదని, బకాయిలు పేరుకుంటున్నాయని ఏళ్ల తరబడి పత్రికల్లో చదువుతున్నాం. మేయరుగారూ, కమిషనరుగారూ, మీకు నా మొదటి విన్నపం ఇక్కడే: వసూలైన సెస్సును వసూలైన అర్ధసంవత్సరంలోనే జమచేయండి; ఎంత వసూలైందో, ఎంత జమచేశారో రెండు అంకెలూ పక్కపక్కన కార్పొరేషన్ బడ్జెట్ పత్రంలో చూపించండి.

సెస్సు పౌర గ్రంథాలయాలకు ఉద్దేశించినది, బడులకు కాదని న్యాయశాఖ అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరం సబబైనదే. దానికి మార్గం కూడా ఉంది. పౌర గ్రంథాలయాల డైరెక్టరేట్ పాఠశాల విద్యాశాఖ కిందే పనిచేస్తుంది. బడికీ, పేటల్లో పౌర గ్రంథాలయానికి కొమ్మగా ఉండే శాఖా గ్రంథాలయానికీ కార్యదర్శి ఒక్కరే. చెన్నైలో చాలా శాఖా గ్రంథాలయాలు బడికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నాయి. పక్కనున్న నాలుగైదు ప్రాథమిక పాఠశాలలను ఒక శాఖా గ్రంథాలయానికి అనుబంధంగా ప్రకటించి, అక్కడ పిల్లల విభాగానికి ప్రత్యేకంగా ఒక లైబ్రేరియన్ కొలువు మంజూరు చేసి, ఆ వ్యక్తి వారంలో ఒక్కో రోజు ఒక్కో బడిలో ఉండేలా విధిని నిర్ణయిస్తే, అది పౌర గ్రంథాలయం తన పాఠకుల్లో వయసులో చిన్నవారి దగ్గరకు వెళ్లడమే అవుతుంది. విడిగా గేటు పెట్టుకునే వీలున్న బడుల్లో, బడి వేళల తర్వాత గ్రంథాలయాన్ని వీధివారికి తెరిచి, దాన్ని శాఖా గ్రంథాలయంగానే నమోదు చేయవచ్చు. పిల్లల భద్రత దృష్ట్యా బడి వేళల్లో బయటివారిని రానివ్వకూడదన్న నియమం మాత్రం కచ్చితంగా ఉండాలి. హయ్యర్ సెకండరీ పాఠశాలలకు ఈ పంపకం సరిపోదు. కేంద్రీయ విద్యాలయాల్లో గ్రంథాలయ శాస్త్రంలో పట్టా ఉన్న లైబ్రేరియన్ కొలువు, తరగతులకు లైబ్రరీ పీరియడ్ ఎప్పటినుంచో ఉన్నాయి. అదే నగరంలో, అదే వీధి చివర ఉన్న ప్రభుత్వ హయ్యర్ సెకండరీ పాఠశాల పిల్లలకు అది అందని భోగంగా ఉండడానికి కారణం కనబడదు.

కొత్త కొలువులన్నీ ఒక్క బడ్జెట్‌లో వస్తాయని ఆశించేటంత అమాయకుణ్ని కాను. నగరంలో కార్పొరేషన్ నడిపే బడులే నాలుగు వందలకు పైబడి ఉన్నాయి. కొలువులు భర్తీ అయ్యేలోగా, ఇప్పుడున్న ఉపాధ్యాయుల్లో పుస్తకమంటే ఇష్టమున్నవారిని ఎంచి టీచర్-లైబ్రేరియన్లుగా నియమించండి. కానీ దానికి రెండు షరతులు లేకపోతే ఆ నియామకం కాగితం మీదే ఉంటుంది. వారి పాఠాల పీరియడ్లలో కనీసం మూడో వంతు తగ్గించాలి. ఎన్నికల పని, సర్వేల పని వారికి వేయకూడదు. శిక్షణకు మనం ఎక్కడికో పోనక్కరలేదు, మద్రాసు విశ్వవిద్యాలయం ఉంది. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా అయిన బి.ఎల్.ఐ.ఎస్. చదివి దుకాణాల్లో బిల్లులు కొడుతున్న పిల్లలను నేనెరుగుదును; వారిని ఒప్పందం మీద పెడదామన్న ఆలోచన శాఖకు తప్పకుండా వస్తుంది. వస్తే, ఒప్పందం పదకొండు నెలలకు పెట్టి ఏటా ఏప్రిల్‌లో మనిషిని మార్చకండి. పిల్లలను ఎరగడమే ఈ కొలువుకు ప్రాణం. ఏటా మారే మనిషి వల్ల పుస్తకాల లెక్క సరిపోవచ్చునేమో గాని, చదవలేని ఏడో తరగతి పిల్లవాడికి ఏమీ ఒరగదు.

ఈ లేఖను తెలుగులో రాయడానికి కారణం చెబుతాను. ఉత్తర చెన్నై బడుల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లలు తక్కువమంది కాదు. తరాల క్రితం నెల్లూరు, ప్రకాశం వైపునుంచి వచ్చి నగరాన్ని శుభ్రంగా ఉంచే పనిలో స్థిరపడిన కుటుంబాల పిల్లలు, రేవు పనులకు, కట్టడం పనులకు వచ్చినవారి పిల్లలు వారిలో ఎక్కువ. వీరిలో చాలామంది తమిళ మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుతున్నారు. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఏ పేచీ లేదు. ఈ నగరంలో బతికేవారికి అది కావాలి, నాకూ అదే అన్నం పెట్టింది. నా బాధ వేరే. 2023లో మొదలైన వాసిప్పు ఇయక్కం (పఠన ఉద్యమం) పుస్తకాలు, ‘నుళై, నడ, ఓడు, పఱ’ (ప్రవేశించు, నడువు, పరుగెత్తు, ఎగురు) అని నాలుగు మెట్లుగా చేసి పిల్లలకు అందించిన చిన్న పుస్తకాలు, చాలా మంచి ప్రయత్నం. ఆ మాట ఒక లైబ్రేరియన్‌గా మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ మొదటి మెట్టు దగ్గరే, ఇంట్లో వినని భాషలో తొలి వాక్యం చదవవలసి వచ్చిన తెలుగు పిల్ల, ఉర్దూ పిల్లవాడు వెనకబడతారు. అలాంటి పిల్ల చేతిలో ఒక పేజీకి తెలుగు, ఎదురు పేజీకి తమిళం ఉన్న బొమ్మల పుస్తకం పెడితే, తల్లి భాష సాయంతో రెండోదీ త్వరగా అబ్బుతుంది.

అలాంటి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడగనవసరం లేదు. చెన్నైలోనే ఉన్న తూలికా ప్రచురణ సంస్థ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తోంది. బెంగళూరు ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు, తమిళ కథలు ఎవరైనా అచ్చువేసుకోగలిగే అనుమతితో ఉచితంగా ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్టు తెలుగు పుస్తకాలు చవక. 1947లో చందమామ తెలుగు, తమిళాల్లో ఒకేసారి మొదలైంది ఈ ఊళ్లోనే. బ్రౌను సేకరించిన తెలుగు రాతప్రతులు నేటికీ ఇక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, కన్నెమరా గ్రంథాలయానికి దేశంలో అచ్చయ్యే ప్రతి తెలుగు పుస్తకం చట్టప్రకారం చేరాలి. పెద్దవాళ్లకూ పరిశోధకులకూ ఇన్ని ఉన్న నగరంలో, పులియాంతోపు బడిలో చదివే ఎనిమిదేళ్ల తెలుగు పిల్లకు తన భాషలో ఒక కథ పుస్తకం ఇచ్చే చేయి లేదు. ప్రతి శాఖా గ్రంథాలయ పరిధిలో పిల్లల ఇంటిభాషలు ఏమిటో లెక్క తీసి, పిల్లల పుస్తకాల కొనుగోలులో కొంత వాటా ఆ భాషలకు కేటాయించాలని కోరుతున్నాను. ఆ లెక్క తీయగలిగేవారూ, పుస్తకాన్ని ఎవరికి ఇవ్వాలో తెలిసినవారూ బడిలో ఉండే లైబ్రేరియనే అని వేరే చెప్పక్కరలేదనుకుంటాను.

నగరంలోని తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. 1919లో మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరగడానికి పూనుకున్నది బెజవాడనుంచి వచ్చిన అయ్యంకి వెంకటరమణయ్య. అది జరిగిన నవంబరు 14తోనే నేడు గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆ వారంలో సభలు పెట్టి శాలువాలు కప్పుకునే ఖర్చులో కొంత తగ్గించి, తెలుగు పిల్లలున్న ఒక్కో బడికి ద్విభాషా పుస్తకాలు కొని ఇవ్వండి. అయితే ఇంట్లో అడ్డమైపోయిన పాత పుస్తకాలను బడికి దానం చేసి ఫోటో తీయించుకోవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను. వాటిని వేరుచేసి పారేయడానికే నా సాయంత్రాలు కొన్ని ఖర్చయ్యాయి.

స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు ఉన్నారు కదా, ట్యాబుల్లో వేల పుస్తకాలు ఇవ్వవచ్చు కదా అని అనేవారికి కూడా జవాబు చెప్పాలి. నేను స్వచ్ఛందంగా వెళ్లేవాణ్నే. మోకాళ్లు నొప్పెడితే ఆ వారం వెళ్లను, నన్ను అడిగేవారు లేరు; అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. నా వంటివారి మీద ఆధారపడి ప్రభుత్వం ఒక సేవను నడపకూడదు. ట్యాబు విషయం ఇంకా తేలిక: దానిలోని పుస్తకాన్ని కూడా ఎవరో ఎంచి, తెరిచి చూపి, చదివించాలి. 2024 నవంబరులో కొళత్తూరులో తెరిచిన, చదువుకోవడానికీ పని చేసుకోవడానికీ చోటిచ్చే ముదల్వర్ పడైప్పగం అనే కేంద్రం నిండుగా నడుస్తోందంటే, అక్కడ కుర్చీలు, ఇంటర్నెట్‌తోపాటు రోజూ తలుపు తెరిచి నడిపే సిబ్బంది ఉన్నారు. కోట్టూర్‌పురంలో 2010లో, మదురైలో 2023లో అంత పెద్ద గ్రంథాలయాలు కట్టించిన రాష్ట్రానికి బడి గది చిన్న సంగతి.

కొలువులకు ఆర్థికశాఖ అనుమతి కావాలి, అది ఆలస్యమవుతుందని నాకు తెలుసు. ఖర్చు లేకుండా ఈ విద్యాసంవత్సరంలోనే చేయగలిగిన పని ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనల్లో, 2017 ప్రతిలో 215వ నిబంధన కింద, గ్రంథాలయంలో ఏడాదికి పాఠకులకు ఇచ్చిన, వారు చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగా అంగీకరించారు. నిజాయితీ లోపమో, నిర్లక్ష్యమో ఉంటే తప్ప దానికి ఉద్యోగి బాధ్యుడు కాడు. వెయ్యి రూపాయలకు మించిన ఖరీదు గలవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ ఉంటుంది. అది పెద్దలు వాడే గ్రంథాలయాలకు పెట్టిన కొలత. చిన్నపిల్లలు ఇంటికి తీసుకెళ్లే పుస్తకాలకు, అందులోనూ ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇళ్లకు, వానకు కారే ఇళ్లకు వెళ్లే పుస్తకాలకు, ఆ అంకెను వెయ్యికి యాభైకి పెంచి, ఆ మేరకు పోయిన, చిరిగిన పుస్తకాలను ప్రధానోపాధ్యాయుడి సంతకంతో రిజిస్టరునుంచి తీసివేయవచ్చునని, ఏ ఉపాధ్యాయుడినుంచీ దానికి సొమ్ము రాబట్టకూడదని పాఠశాల విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. దాని ప్రతిని ఆడిట్ విభాగానికి కూడా పంపాలి. లేకపోతే వారు పాత పద్ధతిలోనే రాసిపోతారు. దాంతోపాటు ఏడాది చివర బడినుంచి అడిగే వివరాల్లో ‘ఎన్ని పుస్తకాలు ఉన్నాయి’ అన్న ప్రశ్న పక్కన ‘ఎన్ని పుస్తకాలు పిల్లలు ఇంటికి తీసుకెళ్లారు’ అన్న ప్రశ్న చేర్చండి.

ఈ ఉత్తర్వు ముసాయిదా, ఒక శాఖా గ్రంథాలయానికి ఐదు బడులను జతచేస్తే వారం పని ఎలా పంచవచ్చునో చూపే పట్టిక, ప్రాథమిక పాఠశాలకు సరిపడే సులువైన ఇష్యూ రిజిస్టరు నమూనా తమిళంలో రాసి, ఈ లేఖ తమిళ ప్రతితోపాటు రెండు కార్యాలయాలకూ రిజిస్టర్డ్ తపాలాలో పంపుతున్నాను. పెరంబూరు, పులియాంతోపు, కొరుక్కుపేట పరిధిలో ఎక్కడైనా ప్రయోగాత్మకంగా మొదలుపెట్టదలిస్తే, నియమించిన లైబ్రేరియన్లకు మొదటి విద్యాసంవత్సరం పని నేర్పడానికి నాతోపాటు విరమణ పొందిన మరికొందరు సహోద్యోగులు సిద్ధంగా ఉన్నారు. వారి అంగీకారపత్రాలు కూడా జతచేశాను.

ఇట్లు,
విధేయుడు,
విశ్రాంత గ్రంథాలయాధికారి,
పెరంబూరు, చెన్నై